చేతికొచ్చిన పీఐడీ ఎవరిది?

అందరికీ నమస్కారం. అనంతపురం ఎండలో, అదీ భోజనాలయ్యాక, లైనక్స్ గురించి వినడానికి కూర్చున్నారంటే మీ ఓపికకు దండం పెట్టాలి. నేరుగా విషయంలోకి వస్తాను.

ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ ధరలు తెచ్చే ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. దాన్ని మీ పైథాన్ స్క్రిప్టు బ్యాక్‌గ్రౌండ్‌లో నడపాలి, సాయంత్రానికి ఆపాలి. ఆపాలంటే పీఐడీ కావాలి, అంటే నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకీ, అదే ప్రాసెస్‌కీ, లైనక్స్ ఇచ్చే నంబరు. చాలామంది ఓఎస్ డాట్ సిస్టమ్ రాసి, కమాండ్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లోకి పంపే ఆంపర్‌సాండ్ (&) గుర్తు చివర తగిలిస్తారు. కమాండ్ నడుస్తుంది, కానీ మీకు తిరిగొచ్చేది షెల్, అంటే మన కమాండ్లను చదివి నడిపించే ప్రోగ్రాం, ముగిసేటప్పుడు ఇచ్చే ఎగ్జిట్ స్టేటస్, మామూలుగా సున్నా. దాన్నే పీఐడీ అనుకుని, ప్రాసెస్‌ని ఆపే కిల్‌కి ఇచ్చారో, ఆగమనే సిగ్నల్ మీ ప్రాసెస్ గ్రూపు మొత్తానికీ, అంటే మీ స్క్రిప్టుతో కలిసి నడిచేవాటన్నిటికీ వెళ్తుంది. ముందు మీ స్క్రిప్టే పోతుంది!

2004లో పైథాన్ 2.4తో వచ్చిన సబ్‌ప్రాసెస్ మాడ్యూల్లో పీఓపెన్ ఉంది. అది కమాండ్ పూర్తయ్యేదాకా ఆగదు, కాబట్టి ఆంపర్‌సాండ్‌తో పనే లేదు. అదిచ్చే ఆబ్జెక్టులో పిడ్ అనే విలువ ఉంటుంది.

అసలు తిరకాసు, కమాండ్‌ని షెల్ ద్వారా నడపమని పీఓపెన్‌కి చెప్పే షెల్ ఈక్వల్స్ ట్రూ దగ్గర. అది పెడితే వచ్చేది షెల్ పీఐడీ. పెళ్లికొడుకు నంబరు అడిగితే పెళ్లిళ్ల పేరయ్య నంబరు ఇచ్చినట్టు. ఆంపర్‌సాండ్ కూడా ఉంటే ఆ పేరయ్య, అంటే షెల్, అప్పటికే ఊరు దాటేసి ఉంటాడు. కమాండ్‌ది ఆ తర్వాతి నంబరే అయ్యుంటుందని కొందరు దానికి ఒకటి కలుపుతారు. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేయొచ్చు, పదిమంది వాడే సర్వర్లో మాత్రం అది వేరే ప్రాసెస్‌ది కావచ్చు.

కమాండ్‌ని, ఆర్గ్యుమెంట్లని లిస్టుగా ఇచ్చి షెల్‌ని పక్కన పెట్టండి. షెల్ తప్పదంటే, ఒకటే కమాండ్ అయితే ముందు ఎగ్జెక్ చేర్చండి. షెల్ స్థానంలోకే కమాండ్ వస్తుంది, పీఐడీ మారదు. ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైపులుంటే, పీఓపెన్‌లో స్టార్ట్ న్యూ సెషన్‌ని ట్రూ చేసి, ఓఎస్ డాట్ కిల్‌పీజీతో గ్రూపునంతా ఆపండి.

ఆపాక ఆ పీఓపెన్ ఆబ్జెక్టు మీద వెయిట్ పిలవండి. లేదంటే ప్రాసెస్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్‌లో డిఫంక్ట్ అని జాంబీ, అంటే ముగిసినా జాబితాలోంచి పోని ప్రాసెస్, మీ స్క్రిప్టు నడుస్తున్నంతసేపూ కనబడవచ్చు.

పీఐడీని ఫైల్లో రాసుకునేవాళ్లకు ఇంకో మాట. ప్రాసెస్ పోయాక అదే నంబరు ఇంకొకరికి రావచ్చు. రీబూట్ అయితే చెప్పక్కర్లేదు. కిల్ కొట్టేముందు ప్రాక్ డైరెక్టరీలో, ఆ నంబరు ఫోల్డర్లో, ప్రాసెస్‌ని నడిపిన కమాండ్ ఉండే సీఎండీలైన్ ఫైలు తెరిచి చూడండి. మన ప్రోగ్రాం పేరు లేకపోతే చెయ్యి వెనక్కి తీసుకోండి.