పేపర్ అట్టల్లో మూడు కొత్త నవలలు

నమస్తే. ఫోన్ స్టూల్ మీద నిలబెట్టాను, బయట ట్రాక్టర్ పోయినప్పుడల్లా కదులుతోంది. కొంచెం సర్దుకోండి.

టేబుల్ మీద మూడు పుస్తకాలు కనిపిస్తున్నాయి కదా. మూడింటికీ పాత పేపర్‌తో అట్టలు వేశాను, జూన్‌లో బడి పుస్తకాలకు వేసినట్టు. మూడూ ఈ మధ్య వచ్చిన నవలలే. వాటి పేర్లు చెప్పను, రాసినవాళ్ల పేర్లూ చెప్పను. పోయినసారి చెప్పాను, ఏమైందో మీలో కొందరికి తెలుసు. నవలలో ఏముందని ఒక్కరూ అడగలేదు. రాసినాయన ఏ పార్టీ మనిషి, ఎవరి చుట్టం, నాకూ ఆయనకూ పాత పంచాయితీ ఏమన్నా ఉందా, వారం రోజులు ఇదే గోల. ఆఖరికి ఆయనే ఫోన్ చేసి, “అన్నా, మొత్తం చదివి ఉంటే అట్ల అనేవాడివి కాదు” అన్నాడు. మొత్తం చదివే అన్నానని చెప్పాను. తర్వాత ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, ఫోన్ మాత్రం ఎవరూ పెట్టలేదు.

అందుకే ఈసారి అట్టలు. మధ్యలో ఉన్న పుస్తకం నవలలా లేదేమిటని మీకు అనుమానం రావచ్చు. దాని సంగతి తర్వాత చెప్తాను.

మూడూ మన దిక్కు కథలే. నేనుండేది దేవరకొండలో. ఇటు నల్గొండ, అటు డిండి దాటితే పాలమూరు. 2016లో జిల్లాలు చీలాక దాన్ని నాగర్‌కర్నూల్ అనాలి కానీ నా నోటికి ఇంకా పాలమూరే వస్తుంది. ఇక్కడి గురించి రాస్తూ ఎక్కడన్నా తప్పు రాస్తే నాకు దొరికిపోతుంది. ఈ పుస్తకాల గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత అదొక్కటే.

మొదటిది ఫ్లోరైడ్ నీళ్ల నవల. మర్రిగూడ పక్కన ఒక ఊరు. వాక్యాలు బాగున్నాయి, అబద్ధం చెప్పను. బోరింగు దగ్గర బిందెల వరుసతో మొదలవుతుంది, ఆ ముప్పై పేజీలు కదలకుండా చదివాను. తర్వాత ఖమ్మం వైపు నుంచి ఇరవై ఏళ్ల కోడలు వస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల పళ్లకు గార పడుతుంది. అద్దంలో చూసుకుని ఏడుస్తుంది. మూడు పేజీల ఏడుపు.

నేను అక్కడే ఆగిపోయాను. పళ్లకు గార పట్టేది చిన్నతనంలో. పళ్లు చిగురు లోపల తయారయ్యే వయసులో, ఎనిమిదేళ్ల లోపు అనుకోండి, ఆ నీళ్లు తాగినవాళ్లకే గోధుమరంగు చారలు వస్తాయి. ఇరవై ఏళ్లకు ఇక్కడికి వచ్చిన కోడలి పళ్లకు అలా జరగదు. ఎముకల సంగతి వేరు. ఆ నీళ్లే ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, మెడ తిరగదు, నడుము వంగిపోతుంది. కోడలికి అది రావచ్చు, కానీ ఏడాదిలో రాదు.

ఇది సైన్సు తప్పే కదా, కథకేం నష్టం అంటారా? నష్టం కథకే. మా దిక్కు పాత ఇళ్లలో పళ్లు చూసి ఎవరు ఈ ఊళ్లో పుట్టారో, ఎవరు బయటి నుంచి కోడలుగా వచ్చారో చెప్పొచ్చు. అత్త, ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. కొత్త కోడలు పెదవి విప్పి నవ్వుతుంది. ఆ నవ్వు చూసి అత్తకు ఎలా ఉంటుంది? నవల అక్కడుంది. రచయిత చేతిదాకా వచ్చిన కథను వదిలేసి అద్దం ముందు ఏడుపు రాశారు.

ఇంకోటి. ఆ కోడలు నీళ్లు కాచి, బట్టతో వడగట్టి కొడుక్కు తాగిస్తుంది. ఆ పిల్లాడు బాగుంటాడు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే చెప్పుకుంటారు. నల్గొండ మీద మూడు వందల పేజీల నవల రాసి అందులో నల్గొండ టెక్నిక్ మాటే లేకపోతే ఏమనుకోవాలి?

1996 కూడా లేదు. ఆ ఏడాది నల్గొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీచేశారు. మా నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని రైతులు, ఫ్లోరైడ్ బాధితులు నామినేషన్లు వేశారు. పోలింగ్ వాయిదా పడింది. బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది. ఐదు వందలున్న డిపాజిట్ ఆ ఏడే పది వేలయింది. నడుము వంగినవాళ్లు, చేతులు చాపలేనివాళ్లు పోయి నామినేషన్ వేసిన ఊళ్ల గురించి రాస్తూ, నవలలో ఒక్క మనిషి చేత కూడా ఏమీ చేయించలేదు. అందరూ ఎదురుచూస్తుంటారు. నవ్వేవాడు లేడు, జోకేసేవాడు లేడు. మా దిక్కు మనుషులు ఇంత మెత్తగా ఉంటారని నాకు తెలియదు.

కథ నడిచేది ఇప్పుడట, చేతుల్లో స్మార్ట్‌ఫోన్లున్నాయి. 2015లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ లేచింది. నల్లా నీళ్లు ఎక్కడ ఎంత వస్తున్నాయి, ఎన్ని రోజులకోసారి వస్తున్నాయి అన్నది మీ ఊరినిబట్టి మీరే చెప్పాలి, ఆ తగాదా ఇప్పుడు వద్దు. కానీ నల్లా అనే మాట లేకుండా ఇప్పటి కథ ఎలా రాస్తారు? నేను చదువు చెప్పే బడిలో తెల్లని పళ్ల పిల్లల్ని వంగిన నడుముతో ఉన్న తాతలు గేటు దాకా దింపిపోతారు. నేను రోజూ చూసేది ఇది. దీన్నెవరూ రాయలేదు.

భాష గురించి ఒక్క మాట. అందులో మర్రిగూడ ముసలాయన “అచ్చిన”, “అస్త” అంటాడు. అది కరీంనగర్ దిక్కు మాట. మా దగ్గర “ఒచ్చిన”, “ఒస్త” అంటాం. తెలంగాణ యాస అంటే ఒకటే అనుకుని సంచిలోంచి తీసి చల్లినట్టు చల్లారు.

సరే, మూడోదాని గురించి చకచకా చెప్పేస్తాను, ఎక్కువ చెప్పడానికి లేదు. తెలంగాణ సాయుధ పోరాటం నవల. గడీ, మీసం తిప్పే దొర, వెట్టి చేసే కుటుంబం, మంచి మనసున్న దొర కూతురు. కూతురు కనపడగానే చివరికి ఎవరు చస్తారో నాకు తెలిసిపోయింది. 1946లో నడిచే కథలో కిరాణా షాపాయన నయాపైసలు లెక్కపెడతాడు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. అప్పుడు మనకు నడిచింది నిజాం సొంత డబ్బు, హాలి సిక్కా. ఇంకోచోట సూర్యాపేట జిల్లా అని ఉంది. సూర్యాపేట అప్పుడు నల్గొండ జిల్లాలో తాలూకా, జిల్లా అయింది 2016లో. ఆ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి కూడా అప్పటి నల్గొండ జిల్లాలోదే, జనగామ తాలూకా. ఇంత దగ్గరి చరిత్రకు కూడా పాత మ్యాపు ఒకటి ముందు పెట్టుకోకపోతే ఎలా? మా అమ్మమ్మ ఆ రోజుల గురించి చెప్పినప్పుడు తుపాకుల మాటే రాలేదు. రాత్రిపూట సంగపోళ్లకు, అంటే పోరాటం చేసే సంఘం మనుషులకు, సద్ది కట్టి పంపేవాళ్లమని, కుక్క మొరగకుండా దానికీ ఒక ముద్ద వేసేవాళ్లమని చెప్పేది. నాలుగు వందల పేజీల్లో అలాంటి కుక్క ఒక్కటీ లేదు. ఈ పుస్తకం కొనొద్దు. చదవాలనుంటే నా దగ్గరిది పంపిస్తాను, వెనక్కి ఇవ్వకపోయినా ఏమీ అనుకోను.

కొనడం అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. నేను పోయే షాపుల్లో పోటీ పరీక్షల గైడ్లు తప్ప నవల దొరకదు. వాట్సాప్‌లో ఆర్డర్ పెడితే కొరియర్‌లో వస్తుంది, లేదంటే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు బస్సెక్కాలి. నకిరేకల్ దగ్గర చెరువు మాదారంలో పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, ఊరూరూ తిరిగి మనిషి మనిషికీ పుస్తకం అమ్మాడు. ఇప్పుడు కొరియర్ అబ్బాయి తిరుగుతున్నాడు, అంతే తేడా. పెట్టిన డబ్బులకు ప్రూఫులు సరిగా చూసిన పుస్తకం ఇవ్వండి చాలు. మూడు వందల యాభై పెట్టి కొన్న నవలలో హీరోయిన్ పేరు రెండు రకాలుగా ఉంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ అచ్చుతప్పుల విషయంలోనే మధ్య పుస్తకం దగ్గర నేను బోల్తాపడ్డాను.

రెండోది వలస నవల. కల్వకుర్తి దగ్గరి భార్యాభర్తలు కూలీలను గుంపుగా పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి వెంట డ్యాం పనికి పోతారు. పిల్లను అవ్వ దగ్గర వదిలి పోతారు. మట్టి పని, తట్ట, పార, టార్పాలిన్ గుడిసె. మూడింటిలో దీని అచ్చే అధ్వాన్నం. మేస్త్రి అనే మాట మూడు రకాలుగా ఉంది. అట్ట మీద బొమ్మ కూడా ఎవరో తొందరలో గీసినట్టుంది. చివరి నలభై పేజీల్లో ఆ వదిలిపోయిన పిల్ల కలెక్టరై వచ్చి ఉపన్యాసం ఇస్తుంది. ఆ నలభై పేజీలూ నేనైతే చింపేస్తాను.

కానీ ఈయనకు పని తెలుసు. గుంపులో నారాయణపేట మనిషి మాటల్లో కన్నడం దొర్లుతుంది, అలంపూర్ మనిషి నది అవతలి కర్నూలోళ్లలా మాట్లాడతాడు, కల్వకుర్తి జంట వాళ్లిద్దరినీ వెక్కిరిస్తుంది. అందరిదీ పాలమూరే, అందరి మాటా వేరే. రాత్రి గుడిసెల ముందు ఆ వెక్కిరింతలు చదువుతూ పైకే నవ్వాను, మా ఆవిడ లోపలి నుంచి ఏమైందని అడిగింది.

ప్రతి అధ్యాయం చివర మేస్త్రి నోటుబుక్కులో ఆ జంట పేరు మీద రాసిన ఆ వారం ఖర్చుల ఖాతా ఉంటుంది. ఏడో అధ్యాయంలోది రాసిపెట్టుకున్నాను, చదువుతా వినండి. నూకలు 140, కిరాయి 60, దవాఖాన 35, తంబాకు 15. మొత్తం 290. మళ్లీ కూడండి. 250 రావాలి. ప్రూఫ్ చూసినవాడిని తిట్టుకుంటూ పేజీ తిప్పాను. తొమ్మిదో అధ్యాయంలో ఇంకో తేడా. పదకొండులో ఇంకోటి. అప్పుడు వెలిగింది. అవి అచ్చుతప్పులు కావు, మేస్త్రి దొంగ కూడికలు. రచయిత ఎక్కడా మోసం అనే మాట వాడలేదు. చదువురాని ఆ జంటకు తెలియనట్టే నాకూ తెలియకుండా పోయింది. లెక్కల సారును నేను! అంత తెలివైన పని ఈ మధ్య ఏ నవలలోనూ చూడలేదు.

వీడియో ఇక్కడితో అయిపోవాలి. కానీ మా వెనక వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. వయసులో ఉన్నప్పుడు ఏళ్లపాటు డ్యాంల మీద మట్టి మోసింది. ఏ రాష్ట్రాలంటే చెప్పలేదు, నీళ్లడగడానికి అక్కడి భాషలో ఏమనాలో చెప్తుంది. నవలలో కూలి పెంచాలని ఆడవాళ్లు తట్టలు బోర్లించి వాటి మీద కూర్చుంటారు. నాకది సినిమా సీన్‌లా అనిపించి ఆమెను అడిగాను. ఆమె నవ్వింది. “బోర్లేసి కూసుంటే మేస్త్రి ఊకుంటడా సారూ, కాలుతోటి తన్ని లేపుతడు. మేం తట్టలు దాసిపెడ్తుంటిమి. తట్ట లేకుంటె మన్ను దేంట్ల ఎత్తుతరు?”

ఆ మాట విన్నాక పుస్తకం ఆమెకే ఇచ్చి వచ్చాను. ఆమెకు చదువు రాదు, తొమ్మిదో తరగతి మనవరాలు రాత్రిపూట చదివి వినిపిస్తోంది. మొన్న వెళ్తే ఏడో అధ్యాయం నడుస్తోంది. పిల్ల అంకెలు చదివి మొత్తం 290 అనగానే పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “ఇన్నూట యాబై గద, ఇన్నూట తొంబై అంటడేంది?”

కూడిక తప్పని నాకు తట్టడానికి పదకొండో అధ్యాయం దాకా పట్టింది. ఆమె నోటిలెక్కతో అక్కడికక్కడే పట్టేసింది. పెద్దమ్మా, వాళ్లకు చదువు రాదు కదా, తెలియక ఊరుకున్నారని రాశాడు అన్నాను. నా వైపు అదోలా చూసింది. “లెక్క తెల్వకనా సారూ? అడిగితె మల్లేడు తీస్కపోడు. అందుకు ఊకున్నం.”

నేను అంత మెచ్చుకున్న తెలివి మీద నాకిప్పుడు కొంచెం అనుమానంగా ఉంది. ఆ జంటకు లెక్క తెలిసి, తెలియనట్టు కూర్చుని ఉంటే అది ఇంకా పెద్ద నవల అయ్యేది. అయినా మూడింటిలో కొనమని చెప్పేది దీన్నే. పేరు కావాలంటే నాకు మెసేజ్ పెట్టండి, ఒక్కొక్కరికే చెప్తాను.

పుస్తకం ఇంకా పెద్దమ్మ ఇంట్లోనే ఉంది, కలెక్టర్ ఉపన్యాసం దాకా వాళ్లు రాలేదు. అందుకని ఈ మధ్య అట్టలో ఉన్నది మా బాబు ఎనిమిదో తరగతి సోషల్ పుస్తకం. రేపు వాడికి పరీక్ష ఉందట, లోపల వెతుకుతున్నాడు. ఇచ్చేసి వస్తాను.