పిక్సెల్ విలువల వ్యాప్తి: గెలాక్సీ రాయి ఫొటోతో ఒక పరిశీలన
(ఒంగోలులో ఇంజనీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నల్లని రాతిలో బంగారు వన్నె చుక్కలు మెరిసే చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి ప్రకాశం జిల్లా వారికి నేను కొత్తగా చెప్పవలసినది లేదు. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. పాలిష్ పట్టిన పలకను ఫొటో తీసి, చుక్క ఎంత దట్టంగా పడిందో కోడ్‌తో లెక్కించాలని మీలో కొందరు ప్రాజెక్టులు మొదలుపెట్టారని విన్నాను. ఆ లెక్కకు ముందు తేల్చుకోవలసినది ఒకటుంది: ఆ ఫొటోలో పిక్సెల్ విలువలు, అంటే చిత్రంలోని ఒక్కో బిందువు ఎంత వెలుగుగా ఉందో చెప్పే అంకెలు, ఎంత నుంచి ఎంత వరకు ఉన్నాయి?

ఇక్కడ రెండు వ్యాప్తులను విడదీసి చూడాలి. 8 బిట్ల చిత్రంలో విలువ 0 నుంచి 255 వరకు, 16 బిట్ల చిత్రంలో 0 నుంచి 65535 వరకు ఉండవచ్చు; ఇది డేటా రకం ఇచ్చే అవకాశం మాత్రమే. మన చేతిలోని ఫొటోలో నిజంగా ఉన్న కనిష్ఠ, గరిష్ఠ విలువలు వేరు. మసక వెలుతురులో తీసిన నల్లరాతి ఫొటో 12 దగ్గర మొదలై 140 దగ్గరే ముగియవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్లనే చాలా ప్రోగ్రాములు తప్పుడు ఫలితాలిస్తాయి.

కోడ్ చిన్నదే. పైథాన్‌లో చిత్రాన్ని నంపై అనే లైబ్రరీ ఇచ్చే సంఖ్యల శ్రేణిగా తెరిచి మిన్, మ్యాక్స్ అని అడిగితే చాలు. పిల్లో లైబ్రరీలోని గెట్‌ఎక్స్‌ట్రీమా అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికీ విడివిడిగా జత విలువలిస్తుంది. అయితే చిత్రాన్ని తెరిచే కోడ్ లైనును జాగ్రత్తగా రాయండి. చిత్రాల లెక్కలకు వాడే ఓపెన్ సీవీ లైబ్రరీలో చిత్రాన్ని తెరిచే ఫంక్షన్ ఇమ్‌రీడ్; దానికి ప్రత్యేకంగా చెప్పకపోతే అది 16 బిట్ల చిత్రాన్ని 8 బిట్లకు కుదించి ఇస్తుంది. 12 బిట్ల కెమెరా 0 నుంచి 4095 వరకు నమోదు చేసి, ఆ విలువలను 16 బిట్ల ఫైలులో అలాగే భద్రపరిచిందనుకుందాం. ఇలా తెరిస్తే గరిష్ఠ విలువ పదిహేను, పదహారు దాటదు, తెర మీద చిత్రమంతా నల్లగా కనిపిస్తుంది. అన్‌ఛేంజ్డ్ అనే సూచన జతచేస్తే అసలు విలువలు దక్కుతాయి.

గరిష్ఠ విలువ తెలియగానే అది ఎక్కడిదో కూడా అడగాలి. ఓపెన్ సీవీలోని మిన్‌మ్యాక్స్‌లాక్ అనే ఫంక్షన్ విలువతోపాటు ఆ పిక్సెల్ ఉన్న చోటును కూడా చూపుతుంది; ఒకే ఛానెల్ (రంగుల పొర) ఉన్న చిత్రానికే అది పనిచేస్తుంది కనుక ముందుగా గ్రే చిత్రంగా మార్చుకోవాలి. అద్దంలా మెరిసే పలక మీద 255 వచ్చిన చోటు చుక్క కాకుండా పైనున్న ట్యూబ్‌లైటు ప్రతిబింబం కావచ్చు. అప్పుడు మీరు కొలిచినది రాతిని కాదు, దీపాన్ని.

ఇటువంటి ఒంటరి విలువల బెడద తప్పించుకోవడానికి కనిష్ఠ, గరిష్ఠాలకు బదులు 2వ, 98వ పర్సంటైళ్లను, అంటే అడుగున రెండు శాతం, పైన రెండు శాతం పిక్సెళ్లను వదిలేశాక మిగిలే హద్దులను, తీసుకొమ్మని పాఠ్యపుస్తకాలు సూచిస్తాయి. ఉపగ్రహ చిత్రాలకు, ముఖాల ఫొటోలకు అది మంచి పద్ధతే. గెలాక్సీ రాతి విషయంలో మాత్రం నేను దానితో ఏకీభవించను. చుక్కలు పలక వైశాల్యంలో రెండు శాతానికి లోపే ఉంటే, మనం వెతుకుతున్న సరుకంతా ఆ పై రెండు శాతంలోనే ఉంటుంది. దానిని కత్తిరించి పారేశాక చుక్కల మధ్య తేడాలు మిగలవు. ప్రతిబింబం పడిన భాగాన్ని మాస్కుతో, అంటే లెక్కలోకి రాకుండా కప్పే పొరతో, తప్పించి, మిగిలిన పలకకు పూర్తి వ్యాప్తిని తీసుకోవడమే ఇక్కడ సరైన మార్గం.

ఆ వ్యాప్తిని 0–255కు సాగదీయడమంటే ప్రతి విలువ నుంచి కనిష్ఠాన్ని తీసేసి, 255తో గుణించి, గరిష్ఠ, కనిష్ఠాల తేడాతో భాగించడం. ఈ లెక్కను ఫ్లోట్‌లో, అంటే దశాంశ సంఖ్యల్లో, చేయండి. 8 బిట్ల శ్రేణిలో 30ని 255తో గుణిస్తే 7650 రాదు, 226 వస్తుంది. 255 దాటిన ప్రతిసారీ లెక్క సున్నాకు తిరుగుతుంది, హెచ్చరిక కూడా రాదు. కనిష్ఠ, గరిష్ఠాలు సమానమైతే సున్నాతో భాగించవలసి వస్తుంది కనుక భాగహారానికి ముందే ఆగాలి.

చివరిగా, మాస్కు వేసిన తర్వాత కూడా గరిష్ఠ విలువ 255 వస్తే, ఆ విలువ ఎన్ని పిక్సెళ్లలో ఉందో లెక్కపెట్టండి. ఒకటీ అరా అయితే ఫరవాలేదు. చుక్కలకు చుక్కలే 255 వద్ద నిలిచిపోతే, కెమెరా సెన్సర్ అంతకు మించి నమోదు చేయలేకపోయిందని అర్థం. ఏ చుక్క ఎక్కువ మెరిసింది, ఏది తక్కువ మెరిసింది అన్న తేడా ఆ ఫైలులో లేదు. అటువంటప్పుడు కోడ్‌ను సవరించి ప్రయోజనం లేదు, ఎక్స్‌పోజర్ తగ్గించి పలకను మళ్లీ ఫొటో తీయవలసిందే.