నెల్లూరు ఉక్కకు ఏ బొమ్మ ఆగుతుంది? కోనన్, హ్యారీ పోటర్, షెర్లాక్ సరుకు రివ్యూ

అందరికీ నమస్కారం. బల్ల మీద ఉండేవి చూడండి. డిటెక్టివ్ కోనన్ పీవీసీ బొమ్మ, హ్యారీ పోటర్ మంత్రదండం, షెర్లాక్ హోమ్స్ టోపీ, కొన్ని ఎనామెల్ పిన్నులు (చొక్కాకు గుచ్చుకునే రంగుల లోహపు బిళ్ళలు). ఏ పాత్ర గొప్పదో మీకే తెలుసు, ఆ సంగతి మేం ఎత్తం. దేంతో చేశారో చూసి మార్కులేస్తాం. మైపాడు నుంచి వచ్చే ఉప్పుగాలి, రోహిణి కార్తె ఎండ, నవంబరు ముసురు... ఈ మూడింటికీ ఆగని వస్తువు ఎంత బావున్నా మన పక్క డబ్బులు దండగ.

ముందు కోనన్. జపాన్ బొమ్మల కథల్లో 1994 నుంచి నడుస్తున్న పాత్ర కాబట్టి బొమ్మలకు కొదవ లేదు. "కొన్ని నెలలకే జిడ్డుగా చేతికి అంటుకుంటోంది, నకిలీ ఇచ్చారా?" అని అడుగుతుంటారు. జిడ్డు ఒక్కటే చూసి నకిలీ అనబాకండి. పీవీసీ సొంతంగా గట్టి ప్లాస్టిక్. మెత్తబడేదానికి అందులో ప్లాస్టిసైజర్ అని నూనెలాంటిది కలుపుతారు. వేడికి అది మెల్లగా పైకి ఊరుతుంది. పెట్టెలోనే మూసి పెడితే గాలాడక అక్కడే పేరుకుంటుంది. అంటే భద్రంగా దాచామనుకున్న బొమ్మే ముందు జిడ్డెక్కుతుంది. గోరువెచ్చని నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి, మెత్తని టూత్‌బ్రష్‌తో కడిగి, నీడలో ఆరబెట్టండి. థిన్నర్, స్పిరిట్ దగ్గరికి రానీయబాకండి, రంగు ఊడొస్తుంది.

ఇంకోటి, ఒంటికాలి మీద నిలబడే బొమ్మలు మే నెలలో చీలమండ దగ్గర వంగిపోతాయి. బరువంతా అక్కడే పడుతుంది, వేడికి పీవీసీ మెత్తబడుతుంది. వంగిన భాగాన్ని చెయ్యి పెడితే చురుక్కుమనే నీళ్ళలో ఒకటి రెండు నిమిషాలు ముంచండి. మరిగే నీళ్ళు వద్దు. తీసి నిటారుగా పట్టుకుని, అట్టాగే చన్నీళ్ళలో నిమిషంసేపు ఉంచితే బిగుసుకుంటుంది. కొనేటప్పుడే రెండు కాళ్ళూ నేలకు ఆనిన భంగిమ చూసుకుంటే ఈ తంటా చాలావరకు తప్పుతుంది. పదికి 6.

మంత్రదండం. ఇది రెసిన్, అంటే అచ్చులో పోసి గట్టిపరిచే ప్లాస్టిక్ లాంటిది. జిడ్డెక్కదు, తుప్పు పట్టదు, కానీ పెళుసు. గ్రానైట్ గచ్చు మీద పడిందా, రెండు ముక్కలే. ఉత్త ఫెవిక్విక్ పెడితే మళ్ళీ అక్కడే విరుగుతుంది. రెండు ముక్కల్లోనూ 1 మిల్లీమీటరు డ్రిల్లుతో సెంటీమీటరు లోతు రంధ్రం చేసి, మధ్యలో జెమ్ క్లిప్పు తీగ ముక్క దించి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ జిగురుతో అతికి, 24 గంటలు కదిలించకుండా వదిలేయండి. గోడకు ఏటవాలుగా ఆనించి పెట్టబాకండి, ఎండాకాలంలో వంపు తిరుగుతుంది. పడుకోబెట్టాలి. అసలుదైతే పెట్టె మీద వార్నర్ బ్రదర్స్ హక్కుల గుర్తు అచ్చులో తేటగా ఉంటుంది. పదికి 7.

ఇక్కడ ఒక మాట. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే కళాకారులు ఉన్నారు కదా. 14 అంగుళాల సాదా చెక్క దండం చెక్కిస్తే రెసిన్ కంటే చేతికి ఎంతో నిండుగా ఉంటుంది. సినిమాలోది అచ్చు దించమని మాత్రం అడగబాకండి. మీ ఊహలో ఉండే దండం చేయించుకోండి.

టోపీ దగ్గర చాలామంది మోసపోతారు, అందుకని కాస్త ఆగుదాం. హోమ్స్ మొదట అచ్చయింది 1887లో. ఆ కథలు రాసిన ఆర్థర్ కోనన్ డాయిల్ 1930లో చనిపోయారు. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్ళకు హక్కులు తీరిపోతాయి, అమెరికాలో కూడా 2023తో కథలన్నీ అందరివీ అయ్యాయి. కాబట్టి ఉత్త "అఫీషియల్ షెర్లాక్ టోపీ" అని రేటు పెంచితే దానికి అర్థం లేదు. ఫలానా సీరియల్‌దో సినిమాదో అయితేనే లైసెన్సు మాట. అసలు ఆ టోపీకి డీర్‌స్టాకర్ అనే పేరే కథల్లో లేదు, చెవులు కప్పే ప్రయాణపు టోపీ అని ఉంటుంది. మనకు గుర్తుండిపోయిన రూపం బొమ్మలు గీసిన సిడ్నీ పాజెట్‌ది.

ఉన్ని అని చెప్పి పాలిస్టర్ అంటగట్టారేమో చూసేదానికి, లోపలి కుట్టు దగ్గర బట్ట పోగు ఒకటి లాగి కాల్చండి. ఉన్నయితే వెంట్రుక కాలిన వాసనొచ్చి పొడిగా నలుగుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది. మన ముసురుకు ఉన్ని బూజు పడుతుంది, పురుగు కొడుతుంది. ఇక్కడికి నూలుదే మేలని మా మాట. ఏదైనా సరే పాలిథిన్ కవర్లో చుట్టబాకండి, లోపల పాత నూలుగుడ్డ కుక్కి గాలాడనివ్వండి. ఉన్నిదానికి 5, నూలుదానికి 8.

పిన్నులకు ఒక్క అయస్కాంతం చాలు. అంటుకుంటే ఇనుము, మన గాలికి తుప్పు ఖాయం. అంటుకోకపోతే ఇత్తడో జింకు మిశ్రమమో, తీసుకోవచ్చు. గోరుతో గీసినప్పుడు రంగుల మధ్య లోహపు గీతలు ఎత్తుగా తగిలితే సాఫ్ట్ ఎనామెల్, నున్నగా జారితే హార్డ్ ఎనామెల్. హార్డ్‌దే కొనండి, గుంటల్లో చెమట, దుమ్ము చేరవు. పదికి 9.

పిన్నులను మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెట్టి, 20 లీటర్ల డబ్బాకు తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, రంగు మారే ఆరెంజి రకం, 100 గ్రాములు వేయండి. ఆరెంజి గింజలు ఆకుపచ్చకు తిరిగితే ఒవెన్‌లో 120 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనిచేస్తాయి. పీవీసీ బొమ్మను మాత్రం ఈ డబ్బాలో పెట్టొద్దు, ఎందుకో ఇందాకే చెప్పుకున్నాం.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ పాకెట్ బుక్కులు, పాత చందమామలు ఉన్నవాళ్ళు కూడా ఇదే డబ్బా వాడండి. కాకపోతే ముందు స్టేపుల్ పిన్నులు తీసేయాలి. తుప్పు కాగితంలోకి దిగితే ఆ మరక పోదు. పిన్ను కాళ్ళు వెనకనుంచి చాకు మొనతో లేపి, మెల్లగా లాగి, అవే రంధ్రాల్లో నూలుదారంతో కుట్టేయండి.