ఓడ పార్కులో జారుడుబల్ల

నమస్కారం అండీ. నాకిచ్చిన టైమ్ ఆరేడు నిమిషాలే, పైగా నేను మొదలుపెడితే ఆపను అని ఇక్కడ అందరికీ తెలుసు, అందుకే స్టూడియో గాజు అద్దం అవతల నుంచి అప్పుడే గడియారం చూపిస్తున్నారు. సరే, సూటిగా ఓడలోకి వెళ్ళిపోదాం.

ఓడ అంటే నిజం ఓడ కాదండోయ్, పిల్లల పార్కు. ఇప్పుడు కాలనీల్లో కడుతున్నారు చూడండి, ఒకటి ఓడలాగా, ఒకటి అడవిలాగా, ఒకటి రాకెట్‌లాగా, అలాంటిది. ఇంటి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. మా పాపకి మూడేళ్ళు, మా అన్నయ్య కొడుక్కి ఆరు, ఇద్దర్నీ తీసుకెళ్ళాను. వెళ్ళే ముందు రెండు రోజులు నేను పడ్డ పాట్లు చెప్తే నవ్వుతారు, సముద్రపు దొంగల కథలు చెప్పాను, చీర కొంగు తలకి చుట్టుకుని నడిచి చూపించాను, ఒక కన్ను మూసుకుని మాట్లాడాను, అన్నీ చేశాను.

తీరా వెళ్ళాక వాడు గబగబా పైకెక్కి చక్రం పట్టుకున్నాడు. ఓడ నడిపే చక్రం. నాకు ఎంత సంతోషమో! పట్టుకుని పైనుంచి ఒకటే కేక, "అత్తా, టికెట్ తీసుకో, బస్సు బయల్దేరుతోంది" అని. బస్సు! అంత ఖర్చుపెట్టి తెరచాప స్తంభం, తాళ్ళ నిచ్చెన, జెండా పెట్టి ఓడ కడితే వాడికది బస్సు. ఇంక పాపయితే చాలాసేపు పైకే రాలేదు. ఓడ కింద ఇసుక ఉంది, అక్కడ ఒక చెక్కకి చిన్న కన్నం ఉంది, కొమ్మ ముడి ఊడిపోతే పడుతుందే ఆ కన్నం, దాంట్లోంచి గుప్పెడు ఇసుక పోయడం, అవతలికి పరిగెత్తి కింద కుప్పయిందా లేదా చూడ్డం, మళ్ళీ ఇవతలికి రావడం. నలభై నిమిషాలు అదే పని. నలభై నిమిషాలు!

పెద్దవాళ్ళు ఒకందుకు కడతారు, పిల్లలు ఇంకొకందుకు వాడతారు. ఇది ఇవాళ్టి సంగతి కూడా కాదు. నాకు భలే ఇష్టమైన కథ ఒకటుంది, ఇది మాత్రం పూర్తిగా చెప్తాను, అద్దం అవతల వాళ్ళు ఏమనుకున్నా సరే.

చార్లెస్ హింటన్ అని ఒక ఇంగ్లీషు లెక్కల మాస్టారు. పొడుగు, వెడల్పు, ఎత్తు కాకుండా నాలుగోది కూడా ఉంది, దాన్ని మనసులో చూడొచ్చు అని పుస్తకాలు రాసినాయన. ఆయన అనుమానం ఏంటంటే మనకి ఉన్న మూడే సరిగ్గా ఒంటబట్టలేదు, ఇంక నాలుగోది ఎక్కణ్ణుంచి కనిపిస్తుంది అని. 1880ల చివర్లో జపాన్ వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పేవాడు. జపాన్‌లో వెదుళ్ళకి కొదవేముంది, వాటితో గళ్ళు గళ్ళుగా ఒక పెద్ద చట్రం కట్టించాడు తన పిల్లల కోసం. కింద నిలబడి మూడు అంకెలు చెప్పేవాడట, ఇటెన్ని గళ్ళు, అటెన్ని గళ్ళు, పైకెన్ని గళ్ళు అని, పిల్లలు ఎవరు ముందు ఆ ముడి దగ్గరికి ఎక్కుతారా అని పోటీ. లెక్కలు ఎక్కాయో లేదో గానీ పిల్లలు మాత్రం బాగా ఎక్కారు. ఆ పిల్లల్లో సెబాస్టియన్ అనే కొడుకు పెరిగి పెద్దై అమెరికాలో పేటెంట్ల లాయరయ్యాడు, 1920లో ఒక విందులో ఈ వెదురు చట్రం సంగతి కబుర్లలో చెప్తే అక్కడి స్కూళ్ళు చూసే పెద్దమనిషి విని, అయితే మా పిల్లలకీ ఒకటి కట్టించు అన్నాడు. షికాగో పక్కన విన్నెట్కా అనే ఊళ్ళో కట్టారు, 1923లో పేటెంట్ కూడా వచ్చేసింది. అదే మన స్కూలు గ్రౌండుల్లో కోతుల్లా ఎక్కి వేలాడామే, ఆ ఇనప పైపుల జంగిల్ జిమ్. నాన్న ఇచ్చింది లెక్క, కొడుక్కి గుర్తుండిపోయింది ఎక్కడం!

అలాగని బొమ్మలు, థీములు అక్కర్లేదు అనట్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్ట్ 1947 నుంచి ముప్పై ఏళ్ళలో 700 పైగా ఆటస్థలాలు చేశాడు, ఏనుగూ గుర్రమూ ఏమీ లేకుండా, ఇసుక గుంట, వంపు తిరిగిన పైపులు, గుండ్రటి రాళ్ళు, అంతే. అది గొప్పే. కానీ "ఓడ పార్కుకి పోదాం" అంటే చెప్పుల కోసం పరిగెత్తే పిల్లల్ని చూశాక నాకు ఓడ కూడా ఉండాలనే అనిపిస్తుంది.

సరే, టైమ్ దగ్గర పడుతోంది, అసలు చెప్పాల్సింది జారుడుబల్ల గురించి. ఆ ఓడ వెనకాల పెద్ద జారుడుబల్ల ఉంది. చిన్నపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారకండి. మళ్ళీ చెప్తున్నాను, ఒళ్ళో కూర్చోబెట్టుకుని జారకండి. జాగ్రత్త అనుకునే చేస్తాం మనం, నేనూ అలాగే చేశాను, ఇప్పుడు బస్సు నడుపుతున్న వీడితోనే, వీడికి అప్పుడు ఏడాదిన్నర. సగం దూరం వచ్చాక వాడి బూటు అడుగు, ఆ రబ్బరు, పక్క అంచుకి పట్టేసింది. వాడొక్కడే అయితే అక్కడ ఆగిపోయేవాడు, ఒళ్ళు తేలిక కదా. వెనక నా బరువు ఉంది, అది ఆగదు కదండీ, కాలు అక్కడుండిపోయింది, మేం కిందికి వచ్చేశాం. కాలు మెలిపడింది. వాపు పెద్దగా లేదు, కాకపోతే కాలు నేల మీద పెడితే ఒట్టు. ఎక్స్‌రేలో మోకాలి కింద ఎముకకి వెంట్రుకంత గీత కనిపించింది. మూడు వారాలు కట్టు. మా వదిన ఒక్క మాట అనలేదు, అదింకా బాధ.

నా ఒక్కదాని కథే అయితే చెప్పేదాన్ని కాదు. అమెరికాలో లెక్క తీస్తే 2002 నుంచి 2015 దాకా జారుడుబల్లల మీద దెబ్బలు తగిలిన ఆరేళ్ళ లోపు పిల్లలు సుమారు 3,50,000, అందులో అన్ని వయసుల్లోకీ ఎక్కువగా ఉన్నది ఏడాది నిండి రెండేళ్ళు నిండనివాళ్ళే, విరిగేది ఎక్కువగా మోకాలి కింద కాలు. అంటే సరిగ్గా ఒళ్ళో కూర్చోబెట్టుకునే వయసు. ఒక్కళ్ళే జారగలిగితే జారనివ్వండి, మనం పక్కన నిలబడదాం, లేదా పొట్టి జారుడుబల్ల చూద్దాం. భయమేస్తే దిగిపోనివ్వండి.

మా పాప ఆ రోజు చివర్లో ఎక్కింది, పైదాకా. అక్కణ్ణుంచి కిందికి చూసి బిగుసుకుపోయింది. "అమ్మా, నువ్వు రా, ఒళ్ళో" అంది. రానన్నాను. ఏడ్చింది. వెనక మెట్ల మీద అయిదుగురు పిల్లలు లైన్‌లో ఉన్నారు, వాళ్ళ అమ్మానాన్నలందరూ నన్నే చూస్తున్నారు, ఆ పెద్ద పిల్ల ఎవరో గానీ "ఆంటీ, మేం దిగుతాం" అని మొదలుపెట్టింది, ఆఖరున ఉన్నవాడి దగ్గర్నుంచి ఒక్కో మెట్టూ అందరూ వెనక్కి దిగడం, అందరి పైనా మా పాప బోర్లా తిరిగి కాలితో మెట్టు వెతుక్కుంటూ దిగడం. అది చూసి పైన చక్రం దగ్గర నుంచి వీడు గొంతు చించుకుని ఒకటే అరుపు, "రివర్స్, రివర్స్... రానీ, రానీ, రానీ..."