సిలువ దగ్గరే బాకీ తీరిపోతే పునరుత్థానం దేనికి?

ప్రేక్షకులందరికీ వందనాలు. శుభ శుక్రవారం ఆరాధనలో సిలువపై పలికిన ఏడు మాటలను మూడు గంటలసేపు వివరించే సంఘాలు మనకు ఎన్నో ఉన్నాయి. "సమాప్తమైనది" అనే ఆరవ మాట దగ్గర, మన పాపపు అప్పు అంతా తీరిపోయిందని ప్రసంగికులు బోధిస్తారు. అక్కడితోనే తీరిపోతే మూడవ దినాన సమాధి ఖాళీ కావలసిన అవసరమేమిటన్న ప్రశ్నను మాత్రం చాలామంది దాటవేస్తారు.

తొలి సంఘాలకు పత్రికలు, అంటే ఉత్తరాలు, రాసిన అపొస్తలుడైన పౌలు దాటవేయలేదు. కొరింథు సంఘంలో కొందరు మృతులకు పునరుత్థానమే లేదంటున్నప్పుడు, ఆయన వారికి రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో, క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమని, మీరు ఇంకా మీ పాపాలలోనే ఉన్నారని తేల్చి చెప్పాడు. అంటే, సిలువ మరణాన్ని ఎంత గట్టిగా నమ్మినా, లేవని క్రీస్తు వల్ల పాపం వదలదని ఆయన వాదం.

ఎందుకని? పాపమనగానే మనకు తప్పుల చిట్టా తోస్తుంది. రోమా పత్రిక 5, 6 అధ్యాయాలలో మాత్రం పాపం మరణం ద్వారా మనుషులను ఏలే యజమాని. మనిషి దానికి దాసుడు, దాని కింద అతనికి దొరికే జీతం మరణం. చిట్టాను కొట్టివేయడానికి చెల్లింపు చాలు, కాని ఆ యజమాని చేతిలోనుంచి బయటపడాలంటే మరణమే ఓడిపోవాలి. మన అపరాధాల కోసం అప్పగింపబడినవాడే మనలను నీతిమంతులుగా తీర్చడానికి లేపబడ్డాడని అదే పత్రిక 4వ అధ్యాయం చివర పౌలు రెండింటినీ ఒకే వాక్యంలో ముడివేశాడు.

అప్పు పోలిక తప్పని నేననను. పాపమంటే దేవునికి చెందవలసిన ఘనతను ఎగవేయడమని, మనిషి తీర్చలేని ఆ బాకీని దేవుడే మనిషిగా వచ్చి తీర్చాడని 11వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ అల్లిన తర్కం పాశ్చాత్య సంఘాల ఆలోచనలోకి లోతుగా దిగింది. ఎంత బిగువైన తర్కమైనా, అందులో పునరుత్థానానికి పెద్దగా పని లేకపోవడమే నాకు కనిపించే లోటు. తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలవారి చూపు వేరు: ఇస్తాంబుల్‌లోని ఒకప్పటి ఖోరా ఆలయపు 14వ శతాబ్దపు కుడ్యచిత్రంలో, విరిగిపడిన పాతాళ ద్వారాల మీద నిలిచిన క్రీస్తు ఒక చేత ఆదామును, మరొక చేత హవ్వను సమాధులలోనుంచి పైకి లాగుతున్నాడు. అక్కడ ఎవరి చేతిలోనూ లెక్కల పుస్తకం లేదు.

లేచిన క్రీస్తును పౌలు నిద్రించినవారిలో ప్రథమఫలమన్నాడు. అది కోతకు సంబంధించిన మాట. మొదటి పన చేతికి వచ్చిందంటే మిగిలిన చేను కూడా కోతకు వస్తుందని రైతుకు తెలుసు. ఈస్టర్ తెల్లవారుజామున మన ఊళ్లలో సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించేవారు నమ్ముతున్నది ఆ మిగిలిన చేను సంగతే.