మొదట ఆయన నీతి

ప్రియ సహోదరులారా, సహోదరీలారా,

మత్తయి సువార్త 6వ అధ్యాయం 33వ వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. "కాబట్టి మీరు ఆయన రాజ్యమును నీతిని మొదట వెదకుడి, అప్పుడవన్నియు మీకనుగ్రహింపబడును." ఇళ్లలో గోడలకు కూడా వేలాడదీసుకుంటాం. కానీ ప్రార్థనకు కూర్చుంటే మన నోట ఎక్కువగా వచ్చేది ఆ వాక్యంలోని రెండో సగమే. నేను మొదటి సగం గురించి మాట్లాడాలనుకుంటున్నాను. దానికి సాక్ష్యం మన ఒంగోలు ప్రాంతంలోనే ఉంది.

1876 నుంచి 1878 వరకు మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు పట్టి పీడించింది. వానలు లేవు, పైరు లేదు, గింజల ధర ఆకాశానికంటింది. రెక్కాడితే గానీ డొక్కాడని మాదిగ కుటుంబాల మీద ఆ దెబ్బ ముందు పడింది. 1866 నుంచి ఒంగోలులో సేవ చేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకున్నారు. యౌవనంలో భూమి సర్వే చేసిన అనుభవం ఆయనకు అక్కరకొచ్చింది. తెలుగు బోధకులు మేస్త్రీలయ్యారు. వేలమంది మట్టి తవ్వి, మోసి, కూలి అందుకొని పిల్లల కడుపు నింపారు. దేవుడు పోషించాడని మనం అంటున్నామే, ఆ పోషణ వారికి చేసిన పనికి న్యాయమైన కూలిగా వచ్చింది.

ఇంతకంటే నన్ను కదిలించేది మరొకటి ఉంది. ఆ రోజుల్లోనే ఎందరో బాప్తిస్మం కోరారు. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ ఎవరికీ ఇవ్వలేదు. ఆకలిగొన్నవాడి ముందు అన్నం పెట్టి విశ్వాసం అడగడం దేవుని నీతికి తగదు. సాయం ఆగిపోయింది, పంచడానికి డబ్బు లేదని కబురు పంపారు. అయినా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు నెలల తరబడి తలుపు మూసి ఉంచిన ఆ నిగ్రహాన్ని మాత్రం ఎవరూ తలచుకోరు!

కానుక వేస్తే పదింతలు తిరిగి వస్తుందనే బోధ ఈనాడు చాలాచోట్ల వినిపిస్తోంది. అది పేదవాడి భయంతో చేసే బేరం. నీతి మనం సంపాదించుకున్నది కాదు, క్రీస్తునందు ఉచితంగా పొందినదని పౌలు రోమీయులకు రాశాడు. ఉచితంగా పొందినదానికి వెల కట్టే హక్కు మనకెక్కడిది? చేలు కోసినవారి కూలి బిగపడితే అది మొరపెడుతుందని, ఆ కేక ప్రభువు చెవిని చేరుతుందని యాకోబు పత్రిక చెబుతుంది. మన పొలంలో, మన ఇంట్లో పనిచేసేవారికి బాకీ ఉంటే ఈ సాయంత్రమే ఇచ్చేయండి.

ఇప్పుడు లేచి నిలబడదాం. ఈ నెల పని దొరకని కుటుంబాలు మన సంఘంలో ఉన్నాయి. ముందు వారి కోసం ప్రార్థిద్దాం. ప్రార్థన అయ్యాక, పని ఇవ్వగలిగినవారు పెద్దలను కలవండి.