డ్రెస్డెన్ ఫైల్స్: ఒకే సిరీస్ మీద పాఠకులకు ఇంత తేడా ఎందుకు?

[స్క్రీన్ మీద: రాత్రివేళ షికాగో, వాన, వీధి దీపాలు. పక్కగా ఆగి ఉన్న పాత ఫోక్స్‌వాగన్ బీటిల్.]

డ్రెస్డెన్ ఫైల్స్ చదవమని మీకు ఎవరైనా చెప్పారంటే, వెంటనే ఇంకో మాట కూడా కలిపి ఉంటారు. "మొదటి రెండు పుస్తకాలు కాస్త ఓపిక పట్టు, మూడోదాని నుంచి చూడు!" అని. ఒక పక్క మెచ్చుకుంటూనే ఇంకో పక్క ముందుగానే సర్దిచెప్పడం ఇది. ఇరవై ఏళ్లకు పైగా ఈ సిరీస్ మీద నడుస్తున్న గొడవంతా ఈ ఒక్క మాటలో ఉంది. కొంతమంది దీన్ని ప్రాణంగా చూసుకుంటారు. కొంతమంది మొదటి పుస్తకం సగంలోనే పక్కన పెట్టేసి, దీనికా ఇంత పేరు అని ఆశ్చర్యపోతారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదెలాగో ఈ వీడియోలో చూద్దాం.

అసలు సిరీస్ సంగతి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. రచయిత జిమ్ బుచర్. కథానాయకుడు హ్యారీ డ్రెస్డెన్, షికాగోలో ఆఫీసు తెరిచి కూర్చున్న మంత్రగాడు. యెల్లో పేజెస్‌లో 'మంత్రగాళ్లు' అన్న శీర్షిక కింద ఉండేది అతనొక్కడే. పోయిన వస్తువులు వెతికిపెడతాడు. పోలీసులకు అంతుపట్టని హత్యలు జరిగితే లెఫ్టినెంట్ మర్ఫీ అతన్ని పిలుస్తుంది. అతను దగ్గరికి వస్తే చాలు కంప్యూటర్లు, ఫోన్లు చెడిపోతాయి. అందుకే ఆ పాత బీటిల్ కారు. అద్దె కట్టడానికి కూడా చేతిలో డబ్బు ఆడదు. మొదటి నవల స్టార్మ్ ఫ్రంట్ 2000లో వచ్చింది. 2020 చివరికి మొత్తం 17 నవలలయ్యాయి. మంత్రాలు, రక్తపిశాచులు, దేవకన్యల రాజ్యాలు, అన్నీ ట్రాఫిక్ సిగ్నళ్లున్న ఇప్పటి నగరంలోనే తిరిగే కథలను అర్బన్ ఫాంటసీ అంటారు. ఆ తరహా కథల గురించి మాట్లాడుకునేటప్పుడు అందరికంటే ముందు వినిపించే పేర్లలో ఇదొకటి.

[స్క్రీన్ మీద: స్టార్మ్ ఫ్రంట్, 2000]

ఇప్పుడు మొదటి పుస్తకం దగ్గరికి వద్దాం. గొడవ మొదలయ్యేది అక్కడే కాబట్టి.

బుచర్ ఒక్లహోమా యూనివర్సిటీలో డెబొరా చెస్టర్ అనే నవలా రచయిత్రి దగ్గర రాయడం నేర్చుకున్నాడు. కథకు ముందుగా ఔట్‌లైన్ వేసుకో, పాత్రలకు వివరాల పట్టిక తయారుచేసుకో, ప్రతి సన్నివేశానికీ ఒక లక్ష్యం పెట్టుకో అని ఆవిడ చెప్పేవారు. అతనికి ఇది నచ్చేది కాదు. చివరికి, ఆవిడ చెప్పినవన్నీ పొల్లుపోకుండా పాటించి రాస్తే ఎంత నాసిరకంగా వస్తుందో చూపించాలని పంతం పట్టి ఒక నవల రాశాడు. అదే స్టార్మ్ ఫ్రంట్! ఈ సంగతి అతనే చాలాసార్లు చెప్పుకున్నాడు. అప్పటికి అతని వయసు పాతికేళ్లు.

ఇది తెలిశాక ఆ పుస్తకాన్ని మళ్లీ తెరవండి. నచ్చనివాళ్లు ఏమంటారో ఇట్టే అర్థమవుతుంది. ఛాతీలోంచి గుండె పేలిపోయి చనిపోయిన ఇద్దరు మనుషులు, కనిపించకుండా పోయిన భర్తను వెతకమని వచ్చిన భార్య, హ్యారీ మీద అనుమానంతో వెంటాడే, మంత్రగాళ్లకు చట్టాలు పెట్టే మంత్రసభ కాపలాదారు. రెండు కేసులూ ఎక్కడో కలుస్తాయని డిటెక్టివ్ కథలు చదివినవాళ్లు తొందరగానే పసిగడతారు. కథనం అస్థిపంజరం బయటికే కనిపిస్తుంది. నచ్చినవాళ్లకు కూడా అది కనిపిస్తుంది, కాకపోతే వాళ్లకు ఆ వేగమే హాయి. ప్రతి అధ్యాయం చివర హ్యారీ ఇంకొంచెం లోతుగా ఇరుక్కుంటాడు, పేజీ తిప్పక తప్పదు. చెస్టర్ గారి పద్ధతి పనిచేసింది, అందులో సందేహం లేదు. కానీ అది పనిచేస్తున్న చప్పుడు కూడా వినబడుతుంది. ఆ చప్పుడు పట్టించుకోని పాఠకుడు రెండో పుస్తకానికి వెళ్తాడు. పట్టించుకునేవాడు వెళ్లడు.

షికాగోను ఎంచుకున్న తీరు కూడా ఇలాంటిదే. ముందు బుచర్ కథను కాన్సస్ సిటీలో పెట్టాలనుకున్నాడు. కానీ అదే మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో లారెల్ హామిల్టన్ రాస్తున్న అనీటా బ్లేక్ సిరీస్ అప్పటికే నడుస్తోంది. మరీ దగ్గరగా ఉంటుందని చెస్టర్ వద్దన్నారు. అలా కథ షికాగోకు చేరింది. అతను అక్కడివాడు కాదు. అందుకే షికాగోలో బతికినవాళ్లు వీధుల గురించి, దూరాల గురించి, పార్కింగ్ గురించి తప్పులు పడుతూనే ఉంటారు. అంతకంటే బరువైన మాట ఇంకొకటి ఉంది. 2000 జనాభా లెక్కల ప్రకారం ఆ నగరంలో మూడో వంతుకు పైగా నల్లజాతివాళ్లు. మొదటి పుస్తకాల్లో వాళ్ల షికాగో దాదాపు కనబడదు. నగరమే ఒక పాత్ర అని చెప్పుకునే తరహా కథలో ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

[స్క్రీన్ మీద: నల్ల కోటు వేసుకున్న ఒక పొడవాటి మనిషి నీడ]

ఇక అందరూ గట్టిగా తగువులాడుకునే విషయం, హ్యారీ చూపు.

నవలలన్నీ హ్యారీ గొంతులోనే సాగుతాయి. ఏ ఆడమనిషి గదిలోకి వచ్చినా ముందు ఆమె ఒంటి వర్ణన వస్తుంది, తర్వాతే ఆమె ఎందుకొచ్చిందో తెలుస్తుంది. పైగా తాను పాతకాలపు మర్యాదస్తుణ్నని, ఆడవాళ్లను కాపాడటం తన ధర్మమని అనుకుంటాడు. అందుకని వాళ్లకు చెప్పాల్సిన నిజాలు దాస్తాడు. దానివల్ల మనుషులు ప్రమాదంలో పడతారు. ఈ సిరీస్‌ను వదిలేసినవాళ్లలో చాలామంది ముందుగా చెప్పే కారణం ఇదే.

అభిమానుల జవాబు కూడా తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. అది హ్యారీ లోపం, రచయితది కాదు అంటారు. మర్ఫీ అతన్ని మొహం మీదే తిడుతుంది. అతని దాపరికానికి కథ లోపలే శిక్ష పడుతుంది. పైగా ఇది 1930ల నాటి అమెరికన్ డిటెక్టివ్ కథల వారసత్వం. వాన, చీకటి, డబ్బులేని డిటెక్టివ్, తలుపు తట్టే అందగత్తె, అన్నీ అక్కణ్నుంచి వచ్చినవే.

నా మటుకు ఈ వాదన సగం వరకే నిలుస్తుంది. పాత్రకు లోపం ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ వందల పేజీలు ఆ ఒక్క కళ్లజోడులోంచే చూడాల్సి వచ్చినప్పుడు, అది లోపమని పాఠకుడికి తెలియాలంటే ఇంకో చూపు దొరకాలి. మొదటి నవలల్లో అది దొరకదు. 2010లో వచ్చిన సైడ్ జాబ్స్ కథల సంపుటిలో ఒక కథను మర్ఫీ చెబుతుంది. హ్యారీ లేని షికాగో, ఆమె కళ్లతో. ఆ కథ చదివాక, అంతకుముందు హ్యారీ మనకు ఎంత చూపించలేదో తెలిసొస్తుంది. ఆ ఒక్క కథ కోసం ఆ సంపుటి కొనొచ్చు. కానీ అది పన్నెండో నవల తర్వాత జరిగే కథ. మొదటి పుస్తకంలోనే మనసు విరిగినవాళ్లు అక్కడిదాకా ఎందుకొస్తారు?

ఈ ప్రశ్న దగ్గరే హైప్ ఎలా పుడుతుందో కనబడుతుంది. సిరీస్‌ను పొగిడేవాళ్లు ఎవరు? చివరిదాకా చదివినవాళ్లు. నచ్చనివాళ్లు ఒకటో పుస్తకం దగ్గరో రెండో పుస్తకం దగ్గరో దిగిపోతారు. ఏడో పుస్తకానికి, పన్నెండో పుస్తకానికి రేటింగ్ ఇచ్చేది మిగిలినవాళ్లే. కాబట్టి పుస్తకాలు మెరుగైనా కాకపోయినా ముందుకు వెళ్లేకొద్దీ మార్కులు పెరిగే వీలుంది. ఈ సిరీస్‌లో పుస్తకాలు నిజంగానే మెరుగయ్యాయి కూడా. రెండూ కలిసేసరికి పొగడ్త రెట్టింపు అవుతుంది. కొత్త పాఠకుడు మాత్రం పన్నెండో పుస్తకం మీది పొగడ్త విని మొదటి పుస్తకం తెరుస్తాడు.

దీనికి ఒక సన్నివేశం చెబుతాను. డెడ్ బీట్ చదవాలనుకునేవాళ్లు ఒక నిమిషం వీడియో ముందుకు జరుపుకోండి, స్పాయిలర్ ఉంది.

[స్క్రీన్ మీద: షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని టీ రెక్స్ అస్థిపంజరం]

షికాగో ఫీల్డ్ మ్యూజియంలో సూ అనే టైరనోసారస్ రెక్స్ అస్థిపంజరం ఉంది. 1990లో సౌత్ డకోటాలో దొరికింది, 2000 నుంచి ప్రదర్శనలో ఉంది. 2005లో వచ్చిన ఏడో నవల డెడ్ బీట్‌లో హ్యారీ దానికి ప్రాణం పోసి, దాని మీదెక్కి నగర వీధుల్లో యుద్ధానికి వెళ్తాడు. ఈ సిరీస్ గురించి ఎవరిని అడిగినా కళ్లు మెరిపిస్తూ చెప్పే సన్నివేశం ఇదే. విడిగా వింటే పిల్లల కార్టూన్‌లా ఉంటుంది కదా?

కానీ ఏడు పుస్తకాలు చదివి అక్కడికి వచ్చినవాడికి అది వేరు. మనుషుల శవాలను లేపడం మంత్రసభ చట్టం ప్రకారం మరణశిక్ష పడే నేరం. మొదటి పుస్తకంలోనే హ్యారీ మెడ మీద అలాంటి కత్తి వేలాడింది. డైనోసార్ మనిషి కాదు కాబట్టి చట్టానికి దొరకదు. శవం ఎంత పాతదైతే అంత బలం వస్తుంది. లేచిన శవాన్ని అదుపులో ఉంచాలంటే గుండె కొట్టుకున్నట్టు లయ ఆగకుండా మోగాలి. ఆ పనికి అక్కడ దొరికింది పోల్కా సంగీతం వాయించే ఒక భయస్తుడైన శవపరీక్షల డాక్టరు. నియమాలన్నీ ముందే చెప్పి, ఎవరూ ఊహించని చోట బుచర్ వాటిని ముడేశాడు. ఆనందం డైనోసార్‌లో లేదు, ఆ ముడిలో ఉంది. సిఫారసు చేసేటప్పుడు మాత్రం డైనోసార్ ఒక్కటే చెప్పగలం. అది విని స్టార్మ్ ఫ్రంట్ తెరిచినవాడికి వానలో తడుస్తూ అద్దె గురించి దిగులుపడే డిటెక్టివ్ ఎదురవుతాడు. నిరాశ పడక ఏం చేస్తాడు?

చదివినవాళ్లకీ విన్నవాళ్లకీ కూడా తేడా ఉంది. ఆడియో పుస్తకాలు చదివింది నటుడు జేమ్స్ మార్‌స్టర్స్. అతని గొంతులోనే హ్యారీని ఎరిగినవాళ్లకు ఆ పాత్ర మీద మమకారం ఎక్కువ. 2011లో ఈ సిరీస్‌లోని ఘోస్ట్ స్టోరీ నవలను వేరే నటుడు చదివితే శ్రోతలు ఎంత బాధపడ్డారంటే, తర్వాత దాన్ని మార్‌స్టర్స్‌తో మళ్లీ రికార్డు చేయించారు. కాగితం మీద గొప్పలు పోయినట్టు అనిపించే వాక్యం, అలసిపోయిన గొంతులో తనను తాను తిట్టుకున్నట్టు వినబడుతుంది. 2007లో వచ్చిన టీవీ సిరీస్ ఒక్క సీజన్‌తోనే ఆగిపోయింది, దాని మీద పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు.

[స్క్రీన్ మీద: 2014, తర్వాత 2020]

పాత అభిమానులంతా ఒకే మాట మీద ఉంటారనుకుంటే అదీ కాదు. 2014లో స్కిన్ గేమ్ వచ్చాక ఆరేళ్లు నవల లేదు. 2020 జూలైలో పీస్ టాక్స్, సెప్టెంబరులో బ్యాటిల్ గ్రౌండ్ వచ్చాయి. ఒకే నవలగా మొదలైనదాన్ని రెండుగా విడదీశారు. అది పీస్ టాక్స్‌లో స్పష్టంగా తెలుస్తుంది. అన్నీ మొదలవుతాయి, ఏదీ తేలదు. ఆరేళ్లు ఎదురుచూసినవాళ్లకు కడుపు మండింది. బ్యాటిల్ గ్రౌండ్‌లో ఒక ముఖ్యమైన పాత్ర చనిపోయే తీరు మీద ఇప్పటికీ రాజీ కుదరలేదు. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని వరసగా చదివే కొత్తవాళ్లకు ఇందులో మొదటి కోపం ఉండనే ఉండదు. అదే కథ, మధ్యలో ఎదురుచూపు లేదంతే.

ఇందాక చెప్పిన అనీటా బ్లేక్ సిరీస్‌ది దీనికి సరిగ్గా తలకిందుల కథ. 1993లో మొదలైన ఆ సిరీస్‌కు తొలి పుస్తకాలతోనే అభిమానులు ఏర్పడ్డారు. 2001లో వచ్చిన పదో నవల నుంచి కథలో శృంగారం పాలు బాగా పెరిగింది, పాత పాఠకులు చాలామంది దూరమయ్యారు. అక్కడ సిఫారసు చేసేవాళ్లు "తొమ్మిదో పుస్తకం దగ్గర ఆపెయ్" అంటారు. పొడవాటి సిరీస్‌కు మంచి పేరుందంటే, ఏ పుస్తకం నుంచి ఏ పుస్తకం వరకు అని అడగాల్సిందే.

మరి డ్రెస్డెన్ ఎక్కడ మొదలుపెట్టాలి? స్టార్మ్ ఫ్రంట్ మీ చేతిలో ఉండి, విసుగొస్తుంటే, ఆ విసుగు దేని మీదో చూసుకోండి. కథ పల్చగా ఉందనా? అయితే నేరుగా మూడో నవల గ్రేవ్ పెరిల్‌కు వెళ్లిపోండి, పెద్దగా నష్టం లేదు. పన్నెండో నవల ఛేంజెస్ వరకు సాగే యుద్ధానికి విత్తనం పడేది అందులోనే. హ్యారీ గొంతే గిట్టడం లేదా? ఆ గొంతు తర్వాత్తర్వాత మెత్తబడుతుంది, కానీ మనిషి మారడు. ఎవరెంత బలవంతపెట్టినా మీ సాయంత్రాలు ఇంకో పుస్తకానికి ఇచ్చుకోండి. ఎటూ తేల్చుకోలేకపోతే గ్రేవ్ పెరిల్‌లో రక్తపిశాచుల ఇంట్లో జరిగే మారువేషాల విందు దాకా చదవండి. హ్యారీ అక్కడికి కావాలనే చవకబారు పిశాచి వేషం కట్టుకుని వెళ్తాడు. ఆ రాత్రి తెల్లారేలోపు అతను తీసుకునే నిర్ణయం మీకు పట్టకపోతే, మిగతా సిరీస్ కూడా పట్టదు.